ఆఫీసు కంప్యూటర్లన్నిటికీ ప్రింటర్లు ఒకేచోటి నుంచి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎక్కువగా విండోస్ వాడే ఆఫీసుల్లో సిస్టమ్స్ చూసుకునే వాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసిన జవాబులివి. యాక్టివ్ డైరెక్టరీ డొమైన్ (యూజర్ల ఖాతాలు, కంప్యూటర్లు అన్నీ ఒకేచోటి నుంచి నడిపే విండోస్ ఏర్పాటు) ఉన్నచోట నేరుగా పనికొస్తాయి. లేనిచోట ఏం చేయాలో ఆయా ప్రశ్నల్లోనే చెప్పాం.

ప్రింటర్ యాడ్ చేయడం ఐదు నిమిషాల పని. దానికి ఇంత సెటప్ ఎందుకు?

యాడ్ చేయడం ఐదు నిమిషాలే, తలనొప్పి ఆ తర్వాత మొదలవుతుంది. అకౌంట్స్‌లో ప్రింటర్ పాడై కొత్తది వస్తే ప్రతి సీటు దగ్గరికీ వెళ్లి పాతది తీసి కొత్తది పెట్టాలి. సేల్స్ నుంచి హెచ్ఆర్‌కు మారినావిడ ల్యాప్‌టాప్‌లో సేల్స్ ప్రింటర్ అలాగే ఉండిపోతుంది. ఆవిడ పంపిన జీతాల కాగితం కింది ఫ్లోర్‌లో, నలుగురూ తిరిగే చోట బయటికొస్తుంది.

ఒకేచోటి నుంచి నడపడం అంటే ఎవరికి ఏ ప్రింటర్ అన్న నిర్ణయం ఒక్కో కంప్యూటర్‌లో కాకుండా డైరెక్టరీలోని గ్రూపులో ఉండటం. మనిషిని గ్రూపులో చేరిస్తే ప్రింటర్ వస్తుంది, తీసేస్తే పోతుంది. సర్వర్లు, పాలసీలు, క్లౌడ్ అన్నీ ఈ ఒక్క పని కోసమే.

మా దగ్గర ఎనిమిది కంప్యూటర్లే ఉన్నాయి. మాకూ కావాలా?

అక్కర్లేదు. ఒక నెట్‌వర్క్ ప్రింటర్ కొని, దానికి మారని ఐపీ (నెట్‌వర్క్ అడ్రస్) ఇచ్చి, ఎనిమిది కంప్యూటర్లలోనూ ఆ ఐపీతోనే పెట్టండి. ఒక కంప్యూటర్‌కు యూఎస్‌బీ ప్రింటర్ తగిలించి మిగతా వాళ్లకు షేర్ చేసే పద్ధతి మాత్రం వద్దు. ఎందుకో కింద 11బి ఎర్రర్ దగ్గర చెప్పాం.

సరే, మొదలు ఎక్కడ పెట్టాలి?

ముందు సాఫ్ట్‌వేర్ జోలికి పోకండి. ఆఫీసంతా తిరిగి ఏ ప్రింటర్ ఎక్కడుంది, దాని మోడల్ ఏంటి, ఐపీ ఎంత, ఎవరు వాడుతున్నారు అన్నది ఒక షీట్‌లో రాసుకోండి. ప్రతి ప్రింటర్‌కూ డీహెచ్‌సీపీలో (ఐపీలు పంచే సర్వీస్‌లో) ఐపీ రిజర్వ్ చేయండి. సగం ఫిర్యాదులు అక్కడే ఆగిపోతాయి. రాత్రి కరెంటు పోయి పొద్దున ప్రింటర్ వేరే ఐపీతో లేస్తే, ఎంత మంచి పాలసీ పెట్టినా ప్రింట్ రాదు.

తర్వాత పేర్లు. మోడల్ నంబర్‌తో పేరు పెడితే ప్రింటర్ మారినప్పుడల్లా పేరూ మార్చాలి. ‘రెండో ఫ్లోర్ అకౌంట్స్ కలర్’ అన్నట్టు చోటు, విభాగం, రకం తెలిసే పేరు పెట్టండి. ఆ పేరునే కాగితం మీద ప్రింట్ చేసి మెషీన్‌కు అతికించండి. జనం ఫోన్ చేసి ‘ఆ మూలనున్న ప్రింటర్’ అనడం తగ్గుతుంది.

ప్రింట్ సర్వర్ పెట్టాలా, కంప్యూటర్ల నుంచి నేరుగా ప్రింటర్ ఐపీకి పంపితే సరిపోదా?

రెండూ నడుస్తాయి. ప్రింట్ సర్వర్ అంటే అందరి ప్రింట్లనూ తన మీదుగా ప్రింటర్లకు పంపే కంప్యూటర్. అది ఉంటే డ్రైవర్ (ప్రింటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్), సెట్టింగులు, అనుమతులు, లాగ్ అన్నీ ఒక్కచోట ఉంటాయి. క్యూలో (ప్రింట్ వరసలో) ఇరుక్కున్న ఫైల్‌ను మీ సీటు నుంచే తీసేయొచ్చు. కాకపోతే ఆ సర్వర్ ఆగితే ఆఫీసంతా ఆగుతుంది. నేరుగా పంపితే ఆ భయం లేదు కానీ, ఎవరు ప్రింట్ చేయొచ్చు అన్నది సర్వర్ చేతిలో ఉండదు.

మధ్యేమార్గం కావాల్సింది బ్రాంచ్ ఆఫీసులున్న వాళ్లకు. హెడ్డాఫీసు హైదరాబాద్‌లో, బ్రాంచ్ కర్నూలులో ఉంటే, కర్నూలు వాళ్ల ఫైల్ హైదరాబాద్ సర్వర్‌కు వెళ్లి తిరిగి కర్నూలు ప్రింటర్‌కు రావడం దండగ. విండోస్ సర్వర్ 2012 నుంచి బ్రాంచ్ ఆఫీస్ డైరెక్ట్ ప్రింటింగ్ అన్న ఆప్షన్ ఉంది. క్యూ, డ్రైవర్ సర్వర్ నుంచే వస్తాయి, ఫైల్ మాత్రం కంప్యూటర్ నుంచి నేరుగా పక్కనున్న ప్రింటర్‌కే వెళుతుంది. ప్రింట్ మేనేజ్‌మెంట్ కన్సోల్‌లో ఆ ప్రింటర్ మీద రైట్ క్లిక్ చేస్తే చాలు. ఎందుకో మన దగ్గర దీన్ని వాడేవాళ్లు తక్కువ.

గ్రూప్ పాలసీలో ప్రింటర్లు పంపడానికి రెండు దారులు కనిపిస్తున్నాయి. ఏది వాడాలి?

గ్రూప్ పాలసీ అంటే డొమైన్‌లోని కంప్యూటర్లకు, యూజర్లకు సెట్టింగులు ఒకేచోటి నుంచి పంపే పద్ధతి. దారుల్లో ఒకటి, ప్రింట్ మేనేజ్‌మెంట్ కన్సోల్ నుంచి ‘డిప్లాయ్ విత్ గ్రూప్ పాలసీ’. సులువే కానీ, పాలసీ ఎవరికి తగిలితే వాళ్లందరికీ ఆ ప్రింటర్ వెళుతుంది. రెండోది గ్రూప్ పాలసీ ప్రిఫరెన్సెస్. ఇందులో ఐటమ్ లెవెల్ టార్గెటింగ్ ఉంది కాబట్టి ఒకే పాలసీలో అన్ని ప్రింటర్లూ పెట్టి, ఒక్కోదానికీ ఈ గ్రూపుకు, ఈ ఐపీ రేంజ్‌కు, ఈ సైట్‌కు అని షరతు రాసుకోవచ్చు. మా ఓటు దీనికే.

ఇక్కడ చాలామంది తప్పటడుగు వేసేది యాక్షన్ దగ్గర. క్రియేట్, రీప్లేస్, అప్‌డేట్, డిలీట్ అని నాలుగుంటాయి. రీప్లేస్ అంటే పాలసీ రిఫ్రెష్ అయినప్పుడల్లా ప్రింటర్‌ను తీసేసి మళ్లీ పెట్టడం. మామూలుగా రిఫ్రెష్ 90 నిమిషాలకొకసారి, దానికి పైన అరగంట వరకు ఆలస్యంతో జరుగుతుంది. యూజర్ ప్రింట్ కొట్టబోతుంటే ప్రింటర్ మాయమై మళ్లీ వచ్చిందన్న ఫిర్యాదు ఇలాగే పుడుతుంది. రోజువారీకి అప్‌డేట్ పెట్టండి. గ్రూపు నుంచి తీసేసినప్పుడు ప్రింటర్ కూడా పోవాలంటే, అదే ప్రింటర్‌కు డిలీట్ ఐటమ్ ఇంకొకటి రాసి ‘ఈ గ్రూపులో లేకపోతే’ అని షరతు పెట్టండి. ‘వర్తించకపోతే తీసెయ్’ అన్న టిక్ బాక్స్ ఒకటుంది కదా అనొచ్చు. అది నొక్కితే యాక్షన్ తనంతట తానే రీప్లేస్ అయిపోతుంది.

సర్వర్ నుంచి షేర్ అయిన ప్రింటర్లను ప్రిఫరెన్సెస్‌లో యూజర్ వైపు మాత్రమే పెట్టగలరు. కంప్యూటర్ వైపు టీసీపీ ఐపీ, లోకల్ ప్రింటర్లే ఉంటాయి. రిసెప్షన్ లాంటి చోట ఎవరు లాగిన్ అయినా అదే ప్రింటర్ రావాలంటే, యూజర్ వైపే పెట్టి టార్గెటింగ్‌లో ఆ కంప్యూటర్ పేరు రాయండి.

కలర్ ప్రింటర్‌ను మేనేజర్లకే ఇవ్వాలి. ఐకాన్ కనిపించకుండా చేస్తే చాలా?

చాలదు. ఐకాన్ లేకపోయినా సర్వర్ పేరు తెలిసినవాడు రెండు క్లిక్కుల్లో తెచ్చుకుంటాడు. సర్వర్‌లో ప్రింటర్ ప్రాపర్టీస్, సెక్యూరిటీ ట్యాబ్‌లోకి వెళ్లండి. అక్కడ ‘ఎవ్రీవన్’కు ప్రింట్ అనుమతి ముందే ఉంటుంది. దాన్ని తీసేసి మీ గ్రూపును చేర్చండి. ‘డినై’ జోలికి వెళ్లకండి. ఒక మనిషి రెండు గ్రూపుల్లో ఉంటే డినైదే పైచేయి అవుతుంది, చివరికి ఎండీగారికే ప్రింట్ రాదు.

ఆ తర్వాత ఇంకో కన్నం మిగులుతుంది. సర్వర్‌ను పక్కనపెట్టి ప్రింటర్ ఐపీనే నేరుగా యాడ్ చేసుకుంటే ఈ అనుమతులేవీ అడ్డురావు. అందుకని ప్రింటర్ వెబ్ పేజీలో యాక్సెస్ కంట్రోల్ ఉంటే సర్వర్ ఐపీ నుంచి వచ్చినవే తీసుకునేలా పెట్టండి. లేదా ప్రింటర్లను వేరే వీలాన్‌లో (విడిగా ఉంచిన నెట్‌వర్క్ భాగంలో) పెట్టి ప్రింట్‌కు వాడే 9100, 631, 515 పోర్టులను సర్వర్‌కే తెరవండి. డైరెక్ట్ ప్రింటింగ్ పెట్టిన బ్రాంచ్‌లో మాత్రం ఇది కుదరదు, అక్కడ కంప్యూటర్లే ప్రింటర్‌తో మాట్లాడాలి. ప్రింటర్ వెబ్ పేజీకి ఫ్యాక్టరీ పాస్‌వర్డే ఉంటే ముందు అది మార్చండి.

జీతాలు, మెమోల లాంటివి ప్రింట్ చేసే విభాగాలకు పిన్ ప్రింట్ ఇవ్వండి. మెషీన్ దగ్గరికి వెళ్లి నంబర్ కొడితేనే కాగితం బయటికొస్తుంది. పెద్ద ఆఫీసు మోడళ్లు చాలావాటిలో ఈ సదుపాయం ఉంటుంది, ఆన్ చేసినచోట్లే తక్కువ.

అందరికీ బ్లాక్ అండ్ వైట్, రెండు వైపులా ప్రింట్ డిఫాల్ట్‌గా రావాలి. సర్వర్‌లో పెట్టాను, ఎవరికీ రాలేదు.

మీరు పెట్టింది జనరల్ ట్యాబ్‌లోని ప్రిఫరెన్సెస్‌లో అయి ఉంటుంది. అది సర్వర్‌లో లాగిన్ అయిన మీకొక్కరికే. అందరికీ వెళ్లాలంటే అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో ‘ప్రింటింగ్ డిఫాల్ట్స్’ బటన్ నొక్కి అక్కడ మార్చాలి. కిటికీ రెండుచోట్లా అచ్చం ఒకేలా ఉండటంతో ఎంత అనుభవం ఉన్నా పొరబడతారు. పవర్‌షెల్ (విండోస్ కమాండ్ టూల్) అలవాటున్న వాళ్లు సెట్ ప్రింట్ కాన్ఫిగరేషన్ కమాండ్‌తో డ్యూప్లెక్స్, కలర్, పేపర్ సైజు అన్ని ప్రింటర్లకూ ఒకేసారి పెట్టొచ్చు.

ఇంతకుముందే సొంతంగా సెట్టింగ్ మార్చుకున్న యూజర్‌కు డిఫాల్ట్ మారినా తెలియదు. ఆయన సెట్టింగే నిలుస్తుంది. ప్రింటర్ తీసి మళ్లీ కలిపితేనే కొత్తది వస్తుంది.

ఇంకో సంగతి, డిఫాల్ట్ అంటే కట్టడి కాదు. కావాలనుకున్నవాడు కలర్‌కు మార్చుకుంటాడు. అదే మెషీన్‌కు సర్వర్‌లో రెండు క్యూలు పెట్టడం పాత ఉపాయం. ఒకదానికి బ్లాక్ అండ్ వైట్ డిఫాల్ట్, అందరికీ అనుమతి. రెండోదానికి కలర్, గ్రూపుకే అనుమతి. దీంతో పొరపాటున పడే కలర్ పేజీలు ఆగుతాయి. పట్టుబట్టి కొట్టేవాళ్లను ఆపాలంటే ప్రింటర్‌లోనే కలర్ లాక్ పెట్టాలి, లేదా పేపర్‌కట్ లాంటి ప్రింట్ నియంత్రణ సాఫ్ట్‌వేర్ కొనాలి. కొంటే దాన్ని అప్‌డేట్ చేస్తూ ఉండండి. 2023 ఏప్రిల్‌లో పేపర్‌కట్‌లోని సీవీఈ-2023-27350 (సీవీఈ అంటే భద్రతా లోపాలకిచ్చే నంబర్) లోపాన్ని దాడి చేసేవాళ్లు వాడుకున్నారు, దానికి ప్యాచ్ మార్చిలోనే వచ్చి ఉంది.

ట్రేలో ఏ4 నిండుగా ఉంది, ప్రింటర్ మాత్రం ‘లెటర్ పేపర్ పెట్టు’ అంటోంది.

డ్రైవర్ అమెరికా సైజుతో వచ్చింది. లెటర్ అంటే 8.5 అంగుళాల వెడల్పు, 11 అంగుళాల పొడవు. ఏ4 అంటే 210, 297 మిల్లీమీటర్లు. చూడ్డానికి ఒకటే అనిపిస్తాయి, ప్రింటర్‌కు కాదు. ప్రింటింగ్ డిఫాల్ట్స్‌లో ఏ4 పెట్టండి, ప్రింటర్ ప్యానెల్‌లో ట్రే సైజూ చూడండి. అయినా వస్తుంటే ఆ వర్డ్ ఫైలే లెటర్ సైజులో తయారై ఉంటుంది. విండోస్ రీజియన్ అమెరికా అని ఉన్న కంప్యూటర్లలో ఇది ఎక్కువ. రీజియన్‌ను గ్రూప్ పాలసీతోనే ఇండియాకు మార్చేయొచ్చు.

లాయర్ ఆఫీసులకు ఒక మాట. సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 1 నుంచి ఏ4 పేపర్ మీద రెండు వైపులా ప్రింట్ చేయాలంది. లీగల్ పేపర్ ఇంకా వాడేచోట దానికి వేరే క్యూ, వేరే ట్రే పెడితే రెండూ కలవవు.

డిఫాల్ట్ ప్రింటర్ రోజుకోటి మారిపోతోంది.

విండోస్ 10లో 2015 నవంబర్ అప్‌డేట్ నుంచి చివరిసారి వాడిన ప్రింటర్‌నే డిఫాల్ట్ చేసే అలవాటు వచ్చింది. యూజర్ కాన్ఫిగరేషన్‌లో ‘టర్న్ ఆఫ్ విండోస్ డిఫాల్ట్ ప్రింటర్ మేనేజ్‌మెంట్’ పాలసీని ఎనేబుల్ చేయండి. అంతే.

ప్రింటర్ కలపబోతే డ్రైవర్ కోసం అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతోంది. ఇంతకుముందు ఇలా ఉండేది కాదు!

2021 ఆగస్టు తర్వాత ఇలాగే ఉంటుంది. ఆ ఏడాది జూన్ చివర్లో ప్రింట్‌నైట్‌మేర్ అనే లోపం బయటపడింది. ప్రింట్ స్పూలర్ (విండోస్‌లో ప్రింట్లు నడిపే సర్వీస్) ద్వారా మామూలు యూజర్ కూడా దొంగ డ్రైవర్ ఎక్కించి సిస్టమ్ మొత్తాన్ని చేతిలోకి తీసుకోవచ్చు. సీవీఈ-2021-34527 అన్నది దాని నంబర్. మైక్రోసాఫ్ట్ మామూలు నెలవారీ తేదీ దాకా ఆగకుండా జులై మొదటి వారంలోనే ప్యాచ్ ఇచ్చింది. ఆగస్టు అప్‌డేట్‌తో డ్రైవర్ ఇన్‌స్టాల్ చేయడం అడ్మిన్లకే పరిమితమైంది.

నెట్‌లో వెతికితే ఒక రిజిస్ట్రీ విలువను సున్నా చేయమనే సలహా ముందొస్తుంది. చేస్తే టెన్షన్ పోతుంది, కానీ తలుపు మళ్లీ బార్లా తెరిచినట్టే. ఆ విలువ 1గా ఉండటంతో సమానమైన రక్షణ ఇంకే సెట్టింగుల కలయికతోనూ రాదని మైక్రోసాఫ్టే చెప్పింది.

సరైన దారి, డ్రైవర్‌ను యూజర్ అడగకముందే కంప్యూటర్‌లో పెట్టేయడం. గ్రూప్ పాలసీ స్టార్టప్ స్క్రిప్ట్ సిస్టమ్ అకౌంట్‌తో నడుస్తుంది కాబట్టి పాస్‌వర్డ్ అడగదు. అందులో పీఎన్‌పీయుటిల్ అనే విండోస్ టూల్‌తో డ్రైవర్ ప్యాకేజీ చేర్చి, యాడ్ ప్రింటర్ డ్రైవర్ కమాండ్ ఇవ్వండి. ఇన్‌ట్యూన్ (క్లౌడ్ నుంచి కంప్యూటర్లను నడిపే మైక్రోసాఫ్ట్ సర్వీస్) ఉంటే యాప్‌గా పంపండి. సర్వర్‌లోనూ కంప్యూటర్‌లోనూ డ్రైవర్ వెర్షన్ ఒకటే అయి ఉండాలి. సర్వర్‌లో మార్చి కంప్యూటర్లలో మార్చకపోతే మరుసటి రోజు పొద్దున్నే అందరికీ పాస్‌వర్డ్ కిటికీ వస్తుంది. పది మోడళ్లకు పది డ్రైవర్లు కాకుండా, ఒక్కో కంపెనీకి ఒక యూనివర్సల్ డ్రైవర్‌తో సరిపెట్టుకుంటే ఈ పని బాగా తగ్గుతుంది. పనిలో పనిగా, డొమైన్ కంట్రోలర్లలో (డైరెక్టరీని నడిపే సర్వర్లలో) స్పూలర్ సర్వీస్ ఆపేయండి. అక్కడ దానితో పనిలేదు, ఉంటే ప్రమాదమే.

అసలు డ్రైవర్లే లేకుండా చేయాలన్నది మైక్రోసాఫ్ట్ ఆలోచన. విండోస్ అప్‌డేట్ ద్వారా కంపెనీల డ్రైవర్లు ఇవ్వడం దశలవారీగా తగ్గిస్తామని 2023 సెప్టెంబర్‌లో ప్రకటించింది. విండోస్ 11 24హెచ్2లో ప్రొటెక్టెడ్ ప్రింట్ మోడ్ వచ్చింది. అది ఆన్ చేస్తే మోప్రియా (కంపెనీ డ్రైవర్ లేకుండా ప్రింట్ చేసే ప్రమాణం) సర్టిఫికెట్ ఉన్న ప్రింటర్లే పనిచేస్తాయి, బయటి డ్రైవర్లు పోతాయి. కొత్త ప్రింటర్ కొనేటప్పుడు మోప్రియా, ఐపీపీ (నెట్‌వర్క్‌లో ప్రింట్ పంపే ప్రోటోకాల్) ఉన్నాయో లేదో కొటేషన్‌లోనే అడగండి.

పక్క కంప్యూటర్ షేర్ చేసిన ప్రింటర్ కలపబోతే 0ఎక్స్0000011బి ఎర్రర్ వస్తోంది.

చిన్న ఆఫీసుల్లో అందరికీ కంఠతా వచ్చిన నంబర్ ఇది. 2021 సెప్టెంబర్ అప్‌డేట్ నుంచి ప్రింట్ సర్వర్‌గా ఉన్న కంప్యూటర్, కలపబోయే కంప్యూటర్ మధ్య మాటలకు ఎక్కువ భద్రత తప్పనిసరి అయింది. యూట్యూబ్ వీడియోలు అప్‌డేట్ తీసేయమంటాయి, లేదా రిజిస్ట్రీలో ఆ భద్రతను ఆపమంటాయి. రెండూ వద్దు. ముందు రెండు కంప్యూటర్లకూ అప్‌డేట్లు పూర్తిగా వేయండి. ఒకటి విండోస్ 7 అయితే ఎన్ని తంటాలు పడ్డా ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ ఆగుతుంది. ప్రింటర్‌కు నెట్‌వర్క్ పోర్ట్ ఉంటే కేబుల్ తగిలించి షేరింగ్‌కే స్వస్తి చెప్పండి.

డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ సంగతి? బిల్లులు దాంట్లోనే కొడతాం.

కార్బన్ కాపీ కావాలంటే దానికి ప్రత్యామ్నాయం లేదు, తీసేయమని ఎవరైనా సలహా ఇస్తే పట్టించుకోకండి. పైన చెప్పిన ప్రొటెక్టెడ్ మోడ్‌ను మాత్రం ఆ బిల్లింగ్ కంప్యూటర్లలో పెట్టొద్దు.

పేపర్ సైజు దగ్గరే అసలు ఇబ్బంది. కంటిన్యూయస్ స్టేషనరీకి సరిపోయే సైజు డ్రైవర్‌లో ఉండదు. ప్రింట్ సర్వర్ ప్రాపర్టీస్‌లో ‘ఫార్మ్స్’ ట్యాబ్‌లో కొత్త ఫార్మ్ తయారుచేసి, దాన్నే ప్రింటింగ్ డిఫాల్ట్స్‌లో ఎంచుకోండి. ఫార్మ్ అన్నది ఆ సర్వర్‌ది లేదా కంప్యూటర్‌ది, ప్రింటర్‌ది కాదు. యూఎస్‌బీతో కంప్యూటర్‌కే తగిలించినదైతే ఆ కంప్యూటర్‌లోనే చేయాలి. బిల్లు బిల్లుకూ అక్షరాలు ఒక లైను కిందికి జరుగుతున్నాయంటే చూడాల్సింది ఇదే.

తెలుగు ఉత్తరం స్క్రీన్ మీద బాగుంది, ప్రింట్‌లో ఒత్తులు చెదిరిపోతున్నాయి.

ఒక్క ప్రింటర్‌లోనే అలా వస్తుంటే డ్రైవర్‌ను అనుమానించండి. పీసీఎల్, పోస్ట్‌స్క్రిప్ట్ అన్నవి పేజీ ఎలా ఉండాలో ప్రింటర్‌కు చెప్పే రెండు భాషలు. పీసీఎల్ డ్రైవర్ అయితే సర్వర్‌లో అదే మెషీన్‌కు పోస్ట్‌స్క్రిప్ట్ డ్రైవర్‌తో ఇంకో క్యూ పెట్టి చూడండి. పీడీఎఫ్ అర్జెంటుగా కావాలంటే అడోబ్ రీడర్ ప్రింట్ కిటికీలో అడ్వాన్స్‌డ్ నొక్కి ‘ప్రింట్ యాజ్ ఇమేజ్’ టిక్ పెట్టండి, నిదానంగా వచ్చినా సరిగ్గా వస్తుంది. స్క్రీన్ మీదే ఇంగ్లీషు అక్షరాల గందరగోళం కనిపిస్తే అది అను లాంటి పాత ఫాంట్‌తో టైప్ చేసిన ఫైల్, ఆ ఫాంట్ ఈ కంప్యూటర్‌లో లేదు. ప్రింటర్‌కు ఏ సంబంధమూ లేదు.

ప్రింటర్ ఆన్‌లోనే ఉంది, కంప్యూటర్ ‘ఆఫ్‌లైన్’ అంటోంది.

ప్రింటర్ ఐపీ పింగ్ అవుతోందా (పింగ్ కమాండ్‌కు జవాబిస్తోందా) చూడండి. అవుతుంటే, పోర్ట్ కాన్ఫిగరేషన్‌లో ఎస్ఎన్ఎంపీ (ప్రింటర్ స్థితిని అడిగే ప్రోటోకాల్) స్టేటస్ టిక్ తీసేయండి. ప్రింటర్ ఎస్ఎన్ఎంపీకి జవాబివ్వకపోతే విండోస్ దాన్ని ఆఫ్‌లైన్ అనుకుంటుంది. పోర్ట్ పేరు డబ్ల్యూఎస్‌డీతో మొదలైతే దాన్ని తీసేసి స్టాండర్డ్ టీసీపీ ఐపీ పోర్ట్ పెట్టండి.

మాకు సర్వరే లేదు. అందరివీ ల్యాప్‌టాప్‌లు, మైక్రోసాఫ్ట్ 365 వాడుతున్నాం.

అయితే యూనివర్సల్ ప్రింట్ చూడండి. 2021 మార్చిలో అందరికీ అందుబాటులోకి వచ్చింది. మైక్రోసాఫ్ట్ 365 బిజినెస్ ప్రీమియం, ఈ3, ఈ5 లైసెన్సుల్లో ఇది కలిసే ఉంటుంది, కాబట్టి చాలామంది ఇప్పటికే డబ్బు కడుతూ వాడకుండా ఉన్నారు. ఆ సపోర్ట్ ఉన్న ప్రింటర్ నేరుగా క్లౌడ్‌తో మాట్లాడుతుంది. పాతదైతే కనెక్టర్ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌ను ఎప్పుడూ ఆన్‌లో ఉండే ఒక విండోస్ కంప్యూటర్‌లో పెట్టాలి. ఎవరికి ఏ ప్రింటర్ అన్నది ఇక్కడా గ్రూపుతోనే. ఇన్‌ట్యూన్‌తో ఆ గ్రూపుకు పంపితే ప్రింటర్ దానంతటదే వస్తుంది, డ్రైవర్ గొడవ ఉండదు.

రెండు చిక్కులున్నాయి. లైసెన్సుకు ఇన్ని అని నెలవారీ ప్రింట్ జాబ్‌ల కోటా ఉంటుంది, అది అందరికీ కలిపి లెక్క. రెండోది, నెట్ పోతే పక్కనే ఉన్న ప్రింటర్‌కు కూడా ప్రింట్ వెళ్లదు. బిల్లింగ్ కౌంటర్‌కు దీన్ని పెట్టకండి.

మాక్‌లు, లినక్స్, క్రోమ్‌బుక్‌లు?

మాక్, లినక్స్ రెండిట్లోనూ లోపల నడిచేది కప్స్ అనే ప్రింటింగ్ సాఫ్ట్‌వేర్. ఎల్‌పీఅడ్మిన్ కమాండ్‌ను స్క్రిప్ట్‌లో పెట్టి అన్నిటికీ పంపొచ్చు. మాక్‌లకు ఎండీఎం (కంప్యూటర్లను ఒకేచోటి నుంచి నడిపే సాఫ్ట్‌వేర్) ఉంటే ఎయిర్‌ప్రింట్ (యాపిల్ ప్రింట్ పద్ధతి) ప్రొఫైల్ ఇంకా సులువు. లినక్స్ కంప్యూటర్లలో కప్స్ బ్రౌజ్డ్ సర్వీస్ (నెట్‌వర్క్‌లో ప్రింటర్లు వెతికేది) అవసరం లేకపోతే ఆపేయండి, 2024 సెప్టెంబర్‌లో అందులో తీవ్రమైన లోపం బయటపడింది. క్రోమ్‌బుక్‌లకు గూగుల్ అడ్మిన్ కన్సోల్‌లోనే ప్రింటర్లు చేర్చాలి. గూగుల్ క్లౌడ్ ప్రింట్ 2020 డిసెంబర్ 31తో మూతపడింది, పాత గైడ్లు చూసి దాని కోసం వెతక్కండి.

ఎవరు ఎన్ని పేజీలు కొట్టారో తెలుసుకోవచ్చా?

సర్వర్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి ప్రింట్ సర్వీస్ కింద ‘ఆపరేషనల్’ లాగ్‌ను ఎనేబుల్ చేయండి. మామూలుగా అది ఆఫ్‌లో ఉంటుంది. తర్వాత ప్రతి ప్రింట్‌కూ 307 నంబర్ ఈవెంట్ పడుతుంది. ఎవరు, ఏ ప్రింటర్, ఎన్ని పేజీలు అన్నీ ఉంటాయి. ఒకే ఫైల్‌ను పది కాపీలు కొడితే ఆ పదింతలు ఇందులో కలవవు కాబట్టి దీన్ని పట్టుకుని ఎవరి మీదా నింద వేయకండి. ఫైల్ పేర్లు కూడా లాగ్‌లో పడేలా ఒక పాలసీ ఉంది. పెట్టేముందు హెచ్ఆర్‌ను అడగండి. రాజీనామా లెటర్ అన్న ఫైల్ పేరు మేనేజర్‌కంటే ముందు సిస్టమ్స్ వాళ్లకు తెలియడం బాగుండదు.

గ్రూపులో చేర్చాను, పాలసీ పెట్టాను. ప్రింటర్ రాలేదు.

యూజర్‌ను లాగాఫ్ అయి మళ్లీ లాగిన్ అవమనండి. కొత్త గ్రూపు సభ్యత్వం లాగిన్ అయ్యేటప్పుడే తెలుస్తుంది, జీపీఅప్‌డేట్ (పాలసీని వెంటనే రిఫ్రెష్ చేసే కమాండ్) ఎన్నిసార్లు కొట్టినా రాదు. ల్యాప్‌టాప్‌ను ఇంటి నుంచి వీపీఎన్ లేకుండా లాగిన్ చేసి తెస్తే, ఆఫీసు నెట్‌వర్క్‌కు కలిపాక మళ్లీ ఒకసారి లాగిన్ కావాలి. అయినా రాకపోతే జీపీరిజల్ట్ (ఏ పాలసీలు తగిలాయో చూపే కమాండ్) రిపోర్ట్ తీయండి. పాలసీ అందులో లేకపోతే ఓయూ (డైరెక్టరీలో యూజర్లను ఉంచే ఫోల్డర్ లాంటిది) లింక్ చూడండి. పాలసీ ఉండీ ప్రింటర్ రాలేదంటే ఆ కంప్యూటర్ అప్లికేషన్ లాగ్‌లో గ్రూప్ పాలసీ ప్రింటర్స్ పేరుతో ఎర్రర్ ఉంటుంది. యాక్సెస్ డినైడ్ అని ఉంటే సర్వర్‌లో సెక్యూరిటీ ట్యాబ్, డ్రైవర్ గురించి ఉంటే పైన చెప్పిన స్టార్టప్ స్క్రిప్ట్ ఆ కంప్యూటర్‌లో నడిచిందో లేదో చూడండి.